దూదిగంప

పొద్దున తొమ్మిదికే
బండలు కాలు పెట్టనియ్యవు.
మా ఎర్రగుంట్లలో ఇల్లంటే రాయే.
గోడ బండ, కప్పు బండ,
కోళ్ళు తిరిగే పెరడు కూడా బండే.
పాలిష్ ఫ్యాక్టరీలో విరిగిన ముక్కలు
సైకిలు మీద ఒక్కొక్కటే తెచ్చి పరిచినాడు ఆయన,
వానకు బురద కాకుండా.
ఏ వానకో ఆయప్పకే తెలియాల.

కోళ్ళకు చెప్పులుండవు గదా.
కానుగ నీడ యాడికి జరిగితే ఆడికి జరుగుతాయి,
ముక్కులు తెరిచి, రెక్కలు ఎడం చేసి
చంకల్లోకి గాలి పెట్టుకుంటా.
పుంజు కూడా కూత మానేసింది.
నోట్లో తడి ఊరికే పోగొట్టుకునేంత పిచ్చిది కాదు అది.

కొళాయి ఐదు దినాలకొక తూరి.
పద్నాలుగు బిందెలు పడతాం.
ఒకటి కోళ్ళదని బొగ్గుతో గీత గీసినా.
"మనుషులకే దిక్కు లేదు" అని
మా ఆడబిడ్డ మాబున్ని మూతి తిప్పింది.
తిప్పనీ.
గుడ్లకూర వండిన దినం ఆ మూతి నేరుగానే ఉంటాది.

కొర్రనూక చీకటితోనే చల్లాల.
ఎండలో మేత వేస్తే
కడుపులో పొయ్యి ముట్టించినట్టే అనేది మా జేజి.
మధ్యాన్నానికి మట్టిమూకుడు తడి ఇసుకలో పాతి
పల్చని మజ్జిగ, సన్నగా తరిగిన ఎర్రగడ్డ.
అన్నీ వచ్చి తాగుతాయి.

బూడిదపెట్ట ఒక్కటే రాదు.
వసారా మూల గంపలో
పదకొండు గుడ్ల మీద కూచోని ఉండాది.
గుడ్ల నడుమ బొగ్గుముక్క, ఎండుమిరపకాయ, తుప్పుమేకు
ఉరుముకు అడ్డమని పెట్టినా.
ఎండకు ఏం పెట్టాలో జేజి చెప్పలేదు.

గోనెపట్ట తడిపి తెర కట్టినా.
మూకుడు ముక్కు కాడికే తీసకపోయినా.
నా చెయ్యి పొడిచింది గానీ
నీళ్ళు ముట్టలేదు.

పద్దెనిమిదో దినం
కరెంటు లేని మూడు గంటలప్పుడు
కూచున్నది కూచున్నట్టే ఉండాది,
కన్ను తెరుచుకోనే.
ఎత్తితే మెడ పక్కకు వాలింది.
హలాలు కాలేదు గదా, ఎవరు తింటారు?
కానుగ మొదట్లో పాతిపెట్టినాం.

"గుడ్లు పారేయ్" అన్నాడు ఆయన,
రెప్పల మీద రాతిదుమ్ముతోనే.
పారేసేదానికే చేతిలోకి తీసుకున్నా.
చెంపకు ఆనించినా.
ఆ వసారాలో చచ్చిన పెట్టే చల్లబడలేదు,
ఇంక గుడ్లెట్ల చల్లబడతాయి?

అటక మీద మా మామ దూదేకే విల్లు ఉండాది,
నారి తెగిపోయి.
ఊర్లోకి ఫోము పరుపులొచ్చినాక
దాన్ని ఎవరూ దించలేదు.
దాని పక్కనే సగం మూట దూది.
ఆ దూదిలో గుడ్లు పెట్టి
గంపను కప్పుబండ కిందనే ఉంచినా.
పగలు మూత తీసి, రాత్రి దూది కప్పి,
పూటకొక తూరి తడివేళ్ళతో చిలకరించినా.
ఆ నీళ్ళు గీత గీసిన బిందెలోవి కావు.
మాబున్ని తాగే చెంబులోవి.
తనే తెచ్చి అటక మెట్టు మీద పెట్టింది.
నేనేం అడగలేదు.

నాలుగో రాత్రి
దూది మాట్లాడింది.

ఐదు మురిగినాయి.
రెండు పెంకు పగలగొట్టి అంతటితోనే ఆగినాయి.
మిగిలినవి నాలుగు.
"ఎండే పొదిగింది లాలెమ్మ గుడ్లను" అని
వీధంతా చెప్పుకుంటాంది.
చెప్పుకోనీ.
మూడు దినాలు కాచినోళ్ళకు పేరొచ్చింది,
పద్దెనిమిది దినాలు కూచున్నది
కానుగ కింద ఉండాది.

ఈ పొద్దు పెరట్లో వదిలినా.
బండ మీద ఒక కాలు పెట్టి
ఎనక్కి ఎగిరి
నాలుగూ నా నీడలోకి దూరినాయి.
పదకొండున్నర.
నీడ కురచైపోతాంది.
పొయ్యి మీద అన్నం అడుగంటే వాసన.

మాబున్నీ,
కుండ దించు,
నేను కదిలేదానికి లేదు.